నెలసరి ఆగాక ఎముకల సంగతి: ఆపరేషన్ కాగితం నుంచి డెక్సా రిపోర్టు దాకా

మోకాళ్లు అరగడం వేరు, ఎముకలు గుల్లబారడం వేరు. మన ఇళ్లలో రెండింటినీ ఒకే గాటన కడతాం. మెట్లెక్కేటప్పుడు మోకాలు పొడుస్తుంటే అది కీలు లోపలి మెత్తని పొర అరిగినందువల్ల. గుల్లబారిన ఎముక నొప్పి పెట్టదు, వాయదు. బాత్రూమ్‌లో కాలు జారి చెయ్యి ఆనించగానే మణికట్టు విరిగినప్పుడో, నీళ్ల బకెట్ ఎత్తగానే నడుములో కలుక్కుమని వారం రోజులు మంచం దిగలేకపోయినప్పుడో బయటపడుతుంది. అందుకే "నాకే నొప్పులూ లేవు, ఎముకలు గట్టిగానే ఉన్నాయి" అనుకోవడం కుదరదు. "ఒళ్లంతా నొప్పులు, ఎముకలు గుల్లయిపోయాయి" అనుకోవడమూ కుదరదు. డెక్సా అనే స్కాన్‌తో ఎముక సాంద్రత కొలిచి చూడాల్సిందే. ఎప్పుడు కొలవాలి, కొలిచాక ఏం చేయాలి అన్నదే ఇక్కడి సంగతి.

మన ఎముక ఎప్పుడూ ఒక పక్క తవ్వుకుపోతూ, మరో పక్క పూడుతూ ఉంటుంది. తవ్వే కణాలు వేరు, పూడ్చే కణాలు వేరు. తవ్వే కణాలను అదుపులో పెట్టేది అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్. అది తగ్గగానే తవ్వేవాటి సంఖ్యా పెరుగుతుంది, ఆయుష్షూ పెరుగుతుంది. పూడ్చేవి ఆ వేగాన్ని అందుకోలేవు. ఈ నష్టం ఏటా ఒకేలా ఉండదు. చివరి నెలసరికి ఏడాది ముందు మొదలై, తర్వాతి రెండేళ్లు మహా జోరుగా సాగి, ఆ పైన నెమ్మదిస్తుంది. మొదటి ఐదు నుంచి ఏడేళ్లలో కొందరిలో 20 శాతం దాకా ఎముక పోతుంది. అరవై దాటాక చూసుకుందాంలే అంటే పోవాల్సిన దాంట్లో చాలా భాగం అప్పటికే పోయి ఉంటుంది.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు ముందు వెతకాల్సిన కాగితం

తెలుగువాళ్లకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. వీళ్లలో చాలామందికి ఆపరేషన్ నాటికి నలభై కూడా నిండలేదు.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా, ఉంచారా అన్నది చాలామందికి తెలియదు. "అన్నీ తీసేశారు" అంటారు, ఆ "అన్నీ"లో ఏమేం ఉన్నాయో చెప్పలేరు. ఎముకల లెక్కంతా దాని మీదే ఉంది. గర్భసంచి హార్మోన్ తయారు చేయదు, అండాశయాలు చేస్తాయి.

డిశ్చార్జి కాగితం తీసి ఆపరేషన్ పేరు రాసిన వరుస చూడండి. టీఏహెచ్, విహెచ్, టీఎల్‌హెచ్ అని మాత్రమే ఉంటే గర్భసంచి తీశారని అర్థం. ఆ పక్కన బీఎస్‌ఓ అని ఉంటే రెండు వైపులా ట్యూబులు, అండాశయాలు కూడా తీసేశారు. యూఎస్‌ఓ అని ఉంటే ఒక వైపువి తీశారు. బీఎస్ అని మాత్రమే ఉంటే ట్యూబులే. కాగితం పోయిందా? బయాప్సీ రిపోర్టు ఉంటే అందులో పంపిన ముక్కల వివరం ఉంటుంది. అదీ లేకపోతే కడుపు స్కానింగ్‌లో అండాశయాలు కనిపిస్తున్నాయేమో అడగొచ్చు. కానీ వయసు మళ్లాక అవి కుంచించుకుపోతాయి. స్కానింగ్‌లో కనపడలేదంటే తీసేశారని కచ్చితంగా చెప్పలేం.

బీఎస్‌ఓ అయినవాళ్లకి నెలసరి ఆగిన తేదీ అంటే ఆపరేషన్ తేదీయే. మామూలుగా కొన్నేళ్ల పాటు మెల్లగా తగ్గే హార్మోన్ వీళ్లలో ఒక్క రోజులో పడిపోతుంది. 38 ఏళ్లకి ఆపరేషన్ అయిన మనిషికి 48 వచ్చేసరికి ఎముకల వయసులో పదేళ్ల అదనపు నష్టం ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "నా వయసు 48" అని ఊరుకోకుండా "38లో అండాశయాలు తీశారు" అని చెప్పండి. వైద్యం మారేది ఆ ఒక్క మాటతోనే.

అండాశయాలు ఉంచినవాళ్లకి ఇంకో చిక్కు. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి హార్మోన్ ఎప్పుడు ఆగిందో తెలియదు. పైగా గర్భసంచి తీసినవారిలో అండాశయాలు కొంత ముందుగానే అలసిపోతాయి. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం మొదలైతే అదే గుర్తు. అవేవీ లేకపోయినా నలభై దాటాక ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే హార్మోన్) రక్తపరీక్ష చేయించుకోవడంలో అర్థం ఉంది. గర్భసంచి ఉన్నవాళ్లకి 45 దాటితే ఆ పరీక్ష అక్కర్లేదు. 12 నెలలు వరసగా నెలసరి రాకపోతే చాలు, ఆగినట్టే.

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉంది

ఎత్తు. చెప్పులు విడిచి, మడమలు, పిరుదులు గోడకి ఆనించి నిలబడండి. తల మీద గట్టి అట్ట పుస్తకం పెట్టి గోడ మీద గీత గీయించుకుని తేదీ వేయండి. ఆరు నెలలకోసారి, వీలైతే ఉదయమే కొలవాలి, ఎందుకంటే సాయంత్రానికి అందరం ఒక సెంటీమీటరు దాకా కుంగుతాం. గీత 2 సెంటీమీటర్లు దిగినా, పెళ్లి నాటి ఎత్తుతో పోలిస్తే 4 సెంటీమీటర్లు తగ్గినా వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయి ఉండొచ్చు. వెన్నుపూసల విరుగుళ్లలో ఎక్కువ భాగం మనిషికి తెలియకుండానే జరిగిపోతాయి. ఇలా ఎత్తు తగ్గినవాళ్లు డెక్సాతో పాటు వెన్నెముకకి పక్కవాటు ఎక్స్‌రే తీయించుకోవాలి. వెన్నుపూస నొక్కుకుపోయినట్టు తేలితే, డెక్సా అంకె ఎంత బాగున్నా అది ఎముకలు గుల్లబారినట్టే లెక్క.

డెక్సా: ఎవరికి, ఎలా, రిపోర్టులో ఏం చూడాలి

65 దాటిన ప్రతి స్త్రీకీ ఒకసారి చేయించాలి. అంతకు ముందే చేయించాల్సినవాళ్లు: 45 లోపు నెలసరి ఆగినవారు, అండాశయాలు తీయించుకున్నవారు, నిలబడిన ఎత్తు నుంచి పడి ఎముక విరిగినవారు, అమ్మకో నాన్నకో తుంటి విరిగినవారు, మరీ సన్నగా ఉన్నవారు, మూడు నెలలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారు, రొమ్ము క్యాన్సర్‌కి లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటివి వాడుతున్నవారు, కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవారు, పొగతాగేవారు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న పెద్దవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. పొగాకు నెలసరిని ఒకటి రెండేళ్లు ముందే ఆపేస్తుంది.

స్టెరాయిడ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. పేరు లేని పొట్లాల్లో వచ్చే మోకాళ్ల నొప్పుల మందు, ఉబ్బసం మందు వేసుకోగానే అద్భుతంగా పనిచేస్తోందంటే, ఆకలి పెరిగి మొహం గుండ్రంగా ఉబ్బుతోందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని అనుమానించాలి. దాన్ని నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. డాక్టర్‌కి చూపించి మెల్లగా తగ్గించాలి.

క్యాంపుల్లో మడమని పెట్టెలో పెట్టి చూసే పరీక్ష డెక్సా కాదు. అది అల్ట్రాసౌండ్. దానితో జబ్బు నిర్ధారించకూడదు, మందు మొదలుపెట్టకూడదు. ఆ చీటీ మీద "ఎముకలు బలహీనం" అని వస్తే డెక్సాకి వెళ్లడానికి కారణంగా మాత్రమే తీసుకోండి.

డెక్సాకి వెళ్లే ముందు 24 గంటలు కాల్షియం మాత్ర ఆపండి. కరగని మాత్ర పొట్టలో ఉంటే నడుము ఎముక కింద లెక్కపడుతుంది. బేరియం పరీక్షో, రంగు ఎక్కించిన సీటీ స్కానో ఈ మధ్యే అయితే ఎన్ని రోజులు ఆగాలో స్కాన్ సెంటర్‌లో అడగండి. మొలతాడు, హుక్కులు, పిన్నీసులు తీసేయాలి. రేడియేషన్ చాలా తక్కువ. పది పదిహేను నిమిషాలు కదలకుండా పడుకోవడమే పని.

రిపోర్టులో మీరు చూడాల్సిన వరుసలు మూడు: నడుము ఎల్1 నుంచి ఎల్4, తుంటి మెడ, తుంటి మొత్తం. ఒక్కోదానికీ టీ-స్కోర్ ఉంటుంది, అంటే మీ ఎముకని వయసులో ఉన్న ఆరోగ్యవంతుల ఎముకతో పోల్చిన అంకె. మైనస్ 1 కన్నా మెరుగ్గా ఉంటే మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడింది. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే గుల్లబారింది. మూడింటిలో అన్నిటికన్నా తక్కువ ఉన్నదాన్నే పట్టించుకోవాలి, సగటు తీయకూడదు. అంకె ఒకటి దిగిన కొద్దీ విరిగే అవకాశం దాదాపు రెట్టింపవుతుంది. జెడ్-స్కోర్ అని ఇంకోటి ఉంటుంది, మీ ఈడువాళ్లతో పోల్చేది. అది ఇంకా నెలసరి వస్తున్నవారికి.

రిపోర్టు తప్పుదారి పట్టించే సందర్భాలు ఉన్నాయి. అరవై దాటినవాళ్లలో నడుము అరిగి ఎముక మొనలు పెరిగి ఉంటాయి. అవి సాంద్రతను ఎక్కువ చేసి చూపిస్తాయి. నడుము బాగుండి తుంటి మైనస్ 2.4 ఉంటే తుంటినే నమ్మండి. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గ్రామాల్లో ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగినవాళ్లది మరీ వింత. ఫ్లోరైడ్ పట్టిన వెన్నెముక స్కాన్‌లో బండరాయిలా కనిపిస్తుంది, నిజానికి పెళుసుగా ఉంటుంది. వాళ్లు ఏ ఊళ్లో పెరిగారో, ఏ నీళ్లు తాగారో స్కాన్‌కి ముందే చెప్పాలి.

మైనస్ 2.5 దాటలేదు కాబట్టి నిశ్చింత అనుకోకండి. లెక్క తీస్తే విరుగుళ్లలో ఎక్కువ భాగం మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉన్నవాళ్లలోనే జరుగుతాయి, ఎందుకంటే ఆ మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువమంది. అందుకే అంకెతో పాటు వయసు, బరువు, ఇంతకుముందు ఎముక విరగడం, తల్లిదండ్రుల తుంటి విరగడం, స్టెరాయిడ్ వాడకం అన్నీ కలిపి పదేళ్ల ముప్పు లెక్కగట్టే ఫ్రాక్స్ అనే లెక్క ఉంది. భారతీయులకు విడిగా పట్టిక ఉంది. డాక్టర్ గదిలోనే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అడగండి.

డెక్సాలో లోపం తేలితే రక్తపరీక్షలు చేయించాలి: కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్పరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, 25 హైడ్రాక్సీ విటమిన్ డి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్. ఎముకని తినేసే జబ్బులు వేరేవి దాక్కుని ఉండొచ్చు. కాల్షియం ఎక్కువ వస్తే పారాథైరాయిడ్ (మెడలో ఉండి రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే గ్రంథి) చూడాలి. రక్తహీనత, నడుము నొప్పి, క్రియాటినిన్ పెరగడం మూడూ కలిస్తే మైలోమా అనే రక్త క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకి టీఎస్‌హెచ్ మరీ కిందికి పడి ఉంటే మాత్ర మోతాదు ఎక్కువైందని అర్థం. ఆ ఎక్కువే ఎముకను కరిగిస్తుంది.

కాల్షియం: ముందు కంచం, తర్వాతే మాత్ర

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో నెలసరి ఆగిన స్త్రీకి రోజుకి 1200 మిల్లీగ్రాములు కావాలి. అన్నం, పప్పుచారు, ఒక కూర, రెండు టీలతో గడిచే రోజులో 400 దాటడం కష్టం. మాత్ర మింగే ముందు లోటు ఎంతో లెక్క వేసుకోవాలి.

గుర్తు పెట్టుకోవాల్సిన అంకెలు కొన్నే. గ్లాసు పాలు, అంటే 200 మిల్లీలీటర్లు, సుమారు 240. కప్పు పెరుగు 200. రాగిపిండి 30 గ్రాములు, ఒక గ్లాసు జావకి సరిపడా, 110. మునగాకు 50 గ్రాములు, ఇద్దరికి వండే పప్పులో మీ వంతు, 150. నువ్వులు 15 గ్రాములు, అంటే ఒక మోస్తరు చిమ్మిలి ఉండ, 190 దాకా. రాత్రి చిక్కటి మజ్జిగ ఒక గ్లాసు 100. ఇవన్నీ కలిపితే వెయ్యికి దగ్గర. పప్పులు, కూరల నుంచి ఇంకో 150, 200 వస్తాయి. మాత్ర లేకుండానే సరిపోయింది.

ఇందులో రెండు మెలికలున్నాయి. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుంటుంది, ఒంటికి చేరేది 5 శాతమే. పాల నుంచి 30 శాతం దాకా చేరుతుంది. ఎముకల కోసమని పాలకూర తినడం దండగ, రుచి కోసం తినండి. నువ్వుల్లో కాల్షియం ఎక్కువ ఉండేది పొట్టులో. తెల్లగా పొట్టు తీసిన నువ్వుల్లో చాలా తక్కువ. పొట్టులో ఆక్సలేట్ కూడా ఉంటుంది కాబట్టి ఒంటికి పట్టేది అంకె చెప్పినంత కాదు. ఉండ తినొచ్చు, పాలకి బదులుగా మాత్రం కాదు.

పాలు పడనివాళ్లు చాలామంది పెరుగు, మజ్జిగ తట్టుకుంటారు. ఉప్పు సంగతి కూడా చూసుకోండి. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ రోజూ పడితే ఉప్పుతో పాటు కాల్షియం కూడా మూత్రంలో పోతుంది. మాంసకృత్తులు కిలో బరువుకి కనీసం 0.83 గ్రాములు ఉండాలి. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. ఒక్క పూట పప్పుతో అది తీరదు. గుడ్డు, చేప, శనగలు, పెసలు ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి.

లోటు మిగిలితేనే మాత్ర. అట్ట వెనక చదవండి. కాల్షియం కార్బోనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. సిట్రేట్ అయితే ఐదో వంతే కాల్షియం, అంటే 1000 మాత్రలో 210. కార్బోనేట్ భోజనంతో పాటు వేసుకోవాలి, దానికి కడుపులో ఆమ్లం కావాలి. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లకి కార్బోనేట్ సరిగా కరగదు, సిట్రేట్ అడగండి. ఒక్కసారి 500 మించి ఒంటికి పట్టదు. రెండు మాత్రలు కావాలంటే రెండు పూటలకు విడదీయాలి. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటలు, ఐరన్ మాత్రకీ దీనికీ రెండు గంటలు ఎడం పాటించండి. ఉదయం థైరాయిడ్, టిఫిన్‌తో కాల్షియం వేసుకుంటూ టీఎస్‌హెచ్ ఎందుకు దిగడం లేదని మోతాదు పెంచుకుంటూ పోవడం రోజూ జరిగే తప్పు. మధ్యాహ్న భోజనంతో పెట్టుకుంటే అన్నిటికీ హాయి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలు, పెరుగు మానక్కర్లేదు. మాత్ర మాత్రం అడిగే వేసుకోవాలి.

విటమిన్ డి: లోటూ ఉంది, అతీ ఉంది

పొద్దున ఏడింటి ఎండ ఒంటికి మంచిదని కూర్చుంటాం. హాయిగానే ఉంటుంది, విటమిన్ డి మాత్రం రాదు. కావాల్సిన కిరణాలు నడినెత్తి ఎండలోనే ఉంటాయి. తిరుపతిలో జరిగిన పరిశోధనల్లో పగలు 11 నుంచి 2 గంటల మధ్యే చర్మంలో విటమిన్ డి బాగా తయారవుతుందని తేలింది. మోచేతుల దాకా, మొహం, కాళ్ల మీద నేరుగా ఎండ పడాలి. కిటికీ అద్దం వెనక నుంచి వచ్చేది పనికిరాదు. వారానికి నాలుగైదు సార్లు, పావుగంట నుంచి అరగంట. మే నెలలో వడదెబ్బ తెచ్చుకోమని కాదు, ఆ రోజుల్లో మాత్రే మేలు.

పరీక్షలో 20 నానోగ్రాముల లోపు వస్తే డాక్టర్లు సాధారణంగా 60,000 యూనిట్ల గుళిక గానీ పొడి గానీ వారానికి ఒకటి చొప్పున 8 వారాలు రాస్తారు. ఆ తర్వాత నెలకి ఒకటి, లేదా రోజుకి 1000 యూనిట్లు. ఇక్కడే బోల్తా పడతారు. 8 వారాలు అయ్యాక అదే పాత చీటీ చూపించి వారం వారం ఏడాది పాటు మింగుతారు. "వారానికి" అన్నది సరిగా వినక రోజూ మింగేవాళ్లూ ఉన్నారు. అలా ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, అతిమూత్రం, మతిమరుపు వచ్చి కిడ్నీలు దెబ్బతింటాయి. గుళిక వేసుకున్న రోజున క్యాలెండర్ మీద సున్నా చుట్టండి. 8 సున్నాలు అయ్యాయంటే ఆపి, డాక్టర్‌ని అడగండి. ఏడాదికి సరిపడా ఒకేసారి భారీ మోతాదు ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధనలో పడిపోవడాలూ విరుగుళ్లూ తగ్గకపోగా పెరిగాయి.

అమెరికా నుంచి పిల్లలు పంపే సీసాల మీద డి మైక్రోగ్రాముల్లో రాసి ఉంటుంది. 25 మైక్రోగ్రాములు అంటే 1000 యూనిట్లు. "సర్వింగ్" అన్న చోట రెండు మాత్రలని ఉంటే, అట్ట మీది అంకె రెండింటికీ కలిపి. ఇక్కడి గుళికా అక్కడి సీసా రెండూ కలిపి లెక్క వేయాలి.

హార్మోన్ మాత్రలు ఎవరికి

2002లో అమెరికాలో డబ్ల్యూహెచ్‌ఐ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చినప్పటి నుంచి హార్మోన్ పేరెత్తితే భయం. ఆ అంకెలు చూస్తే సంగతి తేటపడుతుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్) కలిపి వాడినవారిలో ఏడాదికి పదివేల మందిలో రొమ్ము క్యాన్సర్ 8, పక్షవాతం 8, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు 8, గుండెజబ్బు 7 చొప్పున పెరిగాయి. తుంటి విరుగుళ్లు 5 తగ్గాయి, అంటే మూడో వంతు. అందులో చేరినవారి సగటు వయసు 63. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తుంటి విరుగుళ్లు మాత్రం తగ్గాయి.

దీన్నిబట్టి నేడు పాటించే లెక్క ఇది. 45 లోపు నెలసరి ఆగినా, అండాశయాలు తీసినా, వాడకూడని కారణం లేకపోతే హార్మోన్ ఇవ్వడమే సరైన వైద్యం, కనీసం సహజంగా ఆగే వయసు, అంటే యాభై దాకా. వీళ్లకి అది అదనం కాదు, ఒంట్లో ఉండాల్సిందాన్ని తిరిగి ఇవ్వడం. మిగతావారిలో అరవై లోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటకుండా, వేడి ఆవిర్లు వేధిస్తుంటే ఎముకలకీ మేలు చేసినట్టవుతుంది. అరవై దాటాక ఎముకల కోసమే కొత్తగా మొదలుపెట్టరు.

గర్భసంచి ఉంటే ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ తప్పనిసరి, లేకపోతే లోపలి పొర పెరిగి క్యాన్సర్ ముప్పు వస్తుంది. గర్భసంచి లేకపోతే సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. చర్మానికి రాసే జెల్‌లో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రకన్నా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాలి నరాల్లో, ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టినవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, కాలేయం జబ్బున్నవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు వాడకూడదు. యోనిలో రాసే క్రీమ్ పొడిదనానికి మంచిదే, ఎముకలకి అందదు. సోయా గింజలు, "హార్మోన్ బ్యాలెన్స్" పొడులు విరుగుళ్లు ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు.

ఒక మాట మరిచిపోకూడదు: హార్మోన్ ఆపిన వెంటనే ఎముక మళ్లీ కరగడం మొదలవుతుంది. ఆపేటప్పుడే డెక్సా చేయించి, తర్వాత ఏం వాడాలో డాక్టర్‌తో తేల్చుకోవాలి.

ఎముకల మందులు వాడే పద్ధతి

టీ-స్కోర్ మైనస్ 2.5 దాటినా, తుంటి గానీ వెన్నుపూస గానీ విరిగినా కాల్షియం ఒక్కటి సరిపోదు. తవ్వే కణాలను ఆపే మందు కావాలి. సాధారణంగా ముందు ఇచ్చేది అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు, వారానికి ఒకటి. వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. ఆ రోజు నిద్ర లేచి ఏమీ తినకుండా, నిండు గ్లాసు మామూలు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా, వంగకుండా కూర్చోవడమో నడవడమో చేయాలి. అరగంట దాటాకే కాఫీ, టిఫిన్. కాఫీతో మింగితే సగానికి పైగా వృథా. మింగి మళ్లీ పడుకుంటే ఆహార నాళంలో పుండు పడుతుంది. ఆ రోజు కాల్షియం మధ్యాహ్నమే. మింగడం కష్టమైనవాళ్లకి, గుండెలో మంట ఉన్నవాళ్లకి జోలెండ్రోనేట్ 5 మిల్లీగ్రాములు ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి ముందే చూసుకోవాలి. మొదటిసారి మూడో వంతు మందికి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. పారాసిటమాల్ చాలు, మందు పడలేదని భయపడక్కర్లేదు.

పన్ను పీకించుకోవాల్సి ఉంటే మందు మొదలుకాక ముందే చేయించుకోండి. ఈ మందులతో దవడ ఎముక పాడవడం అరుదే, అయినా ముందు చూసుకుంటే పోయేదేం లేదు. ఏళ్లు వాడాక తొడ మధ్యలో కారణం తెలియని నొప్పి మొదలైతే ఎక్స్‌రే తీయించాలి. ముప్పు తక్కువ ఉన్నవారికి మాత్రలు ఐదేళ్లు, సెలైన్ మూడేళ్లు అయ్యాక డాక్టర్లు విరామం ఇస్తారు.

తవ్వే కణాలను ఆపే ఇంకో మందు, డెనోసుమాబ్ ఇంజెక్షన్‌కి విరామం లేదు. ఆరు నెలలకోసారి వేయాలి. ఏడో నెల దాటితే ఎముక ఒక్కసారిగా కరిగి వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది. మనవల్ని చూడ్డానికి ఆరు నెలలు అమెరికా వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు తప్పేది సరిగ్గా ఇక్కడే. టికెట్ కొనే ముందు ఇంజెక్షన్ తేదీ చూడండి. మానాల్సి వస్తే దాని చోట ఇంకో మందు మొదలుపెట్టాకే మానాలి.

డెక్సా మళ్లీ ఏడాది, రెండేళ్లకి, అదే మెషిన్ మీద. రెండు వేర్వేరు సెంటర్ల అంకెలు పోల్చడం తప్పు. 2, 3 శాతం తేడా యంత్రం తేడాయే కావచ్చు. ఇంకా తగ్గకుండా ఆగిందంటే మందు పనిచేసినట్టే.

బరువు ఎత్తడం, పడకుండా ఉండడం

నడక గుండెకి మంచిది, ఎముకకి చాలదు. ఎముక గట్టిపడాలంటే దాని మీద బరువు పడాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, గోడకి చేతులు ఆనించి ముందుకు వెళ్లి వెనక్కి రావడం 10, మునివేళ్ల మీద లేచి మడమలు దిగేయడం 20. వంటింటి గట్టు పక్కన ఒంటికాలి మీద 10 సెకన్లు, రెండు కాళ్లకీ. ఇది రోజు విడిచి రోజు. నెల తిరిగాక లీటరు నీళ్ల సీసాలు చేతబట్టుకుని కుర్చీలోంచి లేవండి. వెన్నుపూసలు బలహీనంగా ఉన్నవాళ్లు పశ్చిమోత్తానాసనం, హలాసనం, ముందుకు వంగి నడుము తిప్పే భంగిమలు మానాలి. బిందె ఎత్తాలంటే మోకాళ్లు వంచి ఒంటికి ఆనించి ఎత్తండి. నడుము వంచి ఎత్తితే బరువంతా వెన్నుపూసల ముందు అంచు మీద పడుతుంది.

బాత్రూమ్ బయట గోనెపట్టా మడిచి వేస్తాం, దాన్ని తన్నుకునే పడతాం. కింద రబ్బరు ఉన్న చాప వేయండి. కమోడ్ పక్కన గోడకి స్టీలు కడ్డీ బిగించండి, తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రి దీపం. అరిగిపోయిన హవాయి చెప్పులు పారేయండి. చీర కుచ్చిళ్లు పాదం మీదికి రాకుండా ఒక అంగుళం పైకి కట్టుకోవాలి. నిద్రమాత్ర, బీపీ మాత్ర వేసుకునేవాళ్లు లేవగానే నడవకుండా మంచం అంచున ఒక నిమిషం కూర్చోవాలి.

పడ్డాక లేవలేకపోతున్నా, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉన్నా తుంటి విరిగినట్టే అనుకోండి. నూనె పెట్టి తోమకండి, నిలబెట్టకండి. పుత్తూరు కట్టుకి ఎంత పేరున్నా విరిగిన తుంటికి అది పనికిరాదు. దీనికి ఆపరేషనే దారి, వీలైనంత వరకు రెండు రోజుల లోపే. ఆపరేషన్ బాగా జరిగి ఇంటికి పంపేటప్పుడు కాగితంలో తరచుగా నొప్పి మాత్రలూ కాల్షియమూ మాత్రమే ఉంటాయి. డిశ్చార్జి రోజునే డాక్టర్‌ని అడగండి: రెండో తుంటి విరగకుండా ఏ మందు, ఎప్పటి నుంచి?